ఒరిగిన నేపియర్ చేను: దంటు బలమెంత, ఎత్తెంత? చేవెళ్ల వైపు ఒక కేస్ స్టడీ

హైదరాబాద్ దగ్గర చేవెళ్ల వైపు నాలుగెకరాల సూపర్ నేపియర్ గడ్డి. మేతకు కాదు, ఎండబెట్టి బాయిలర్‌లో కాల్చడానికి వేసింది. చేను రెండు మడులుగా ఉంది. ఎగువన ఎర్ర చల్కా, దిగువన ఫాం పాండ్‌ను ఆనుకుని నల్లరేగడి. కణుపు ముక్కలు ఒకే చోటి నుంచి తెచ్చినవి, ఒకే వారంలో నాటినవి. ఏప్రిల్ చివర వచ్చిన గాలివానకు దిగువ మడిలో సగానికి పైగా దుబ్బులు ఒరిగిపోయాయి. ఎగువ మడి చెక్కుచెదరలేదు. ఒరిగిన గడ్డిని పదిహేను రోజుల తర్వాత కోసి చాఫ్ కట్టర్‌కు (గడ్డిని ముక్కలు చేసే మిషన్‌కు) పెడితే షాఫ్ట్‌కు పీచు చుట్టుకుని మాటిమాటికీ ఆగిపోయింది.

"దంటుకు బలం లేదు, రకం మార్చాలి" అని అప్పటికే తీర్మానం అయిపోయింది. రకం మీద నింద వేయడం తేలిక, అది ఎదురు చెప్పదు. పైగా ఒక షాపులో దంట్లు విరిచి చూసి కాగితం కూడా ఇచ్చారు: ఎగువ మడి దంటు బలం 16 మెగాపాస్కల్ (వంచితే విరిగే దాకా పదార్థం తట్టుకునే బలానికి కొలత), దిగువది 12. రెండూ బలహీనమేనని దాని సారాంశం. అవే మడుల దంట్లను సరైన పద్ధతిలో మళ్లీ విరిస్తే 30, 20 వచ్చాయి. తేడా గడ్డిలో లేదు, విరిచిన తీరులో ఉంది. దిగువ మడి ఒరగడానికి కారణం కూడా వేరే చోట దొరికింది.

ముందు దుబ్బు దగ్గర కూర్చుని చూడాలి

పరీక్షకు పోయే ముందు పడిన చేనులో పారతో, కత్తితో ఒక గంట గడపాలి. పడటంలో మూడు రకాలున్నాయి, మూడింటికీ మందు వేరు.

దంటు మొదలు దాకా నిటారుగానే ఉండి, దుబ్బుకు గాలి వచ్చిన వైపు నేల పగిలి, రెండో వైపు మట్టి ఉబ్బి ఉంటే అది వేరు పట్టు తప్పడం. అక్కడ దంటు ఎంత గట్టిదైనా లాభం లేదు. నేల మెత్తబడింది, వేళ్లు జారాయి, అంతే. రెండో రకంలో దుబ్బు కదలదు. నేల నుంచి రెండో, మూడో కణుపు పైన దంటు నలిగి, అడ్డంగా మడత పడుతుంది. అది అసలైన దంటు వైఫల్యం. మూడోది పురుగు, కుళ్ళు. కాండం తొలిచే పురుగు రంధ్రం, దాని చుట్టూ పొట్టు లాంటి విసర్జన కనిపిస్తాయి. నిలువునా చీలిస్తే లోపల ఎర్రటి చార ఉంటుంది. అలాంటి దంటు మడత పడకుండా పుటుక్కున తెగుతుంది.

దిగువ మడిలో ఎక్కువ దుబ్బులు మొదటి రకం, మిగిలినవి రెండో రకం. పురుగు పట్టినవి అక్కడొకటి ఇక్కడొకటి. ఇదే జొన్న చేనైతే వరస మారేది. యాసంగి జొన్నలో పూత తర్వాత నీటి ఎద్దడి తగిలితే చార్‌కోల్ రాట్ అనే కుళ్ళు తెగులు వస్తుంది. మొదలు దగ్గర బెండు కరిగిపోయి, మిగిలిన పీచుల మీద మిరియప్పొడి చల్లినట్టు నల్ల చుక్కలు కనిపిస్తాయి. ఇక్రిశాట్ పటాన్‌చెరులో, చిరుధాన్యాల పరిశోధన సంస్థ రాజేంద్రనగర్‌లో ఉన్నాయి కాబట్టి హైదరాబాద్ చుట్టుపక్కల దంటు బలం అనగానే జొన్న లెక్కలే ముందు గుర్తొస్తాయి. జొన్నకు నెత్తిన కంకి బరువుంది. మేత, బయోమాస్ నేపియర్‌కు అది లేదు, బరువంతా పొడుగునా పరుచుకుని ఉంటుంది. ఆ తేడా కింద లెక్కలో పనికొస్తుంది.

పేడు, బెండు

జొన్న బెండుతో ఎడ్లబండి బొమ్మ చేసిన వాళ్లకు ఈ భాగం వివరించనక్కర్లేదు. దంటు పైనుంచి ఒలిచిన పేళ్లు మేకుల్లాగా పనిచేస్తాయి, లోపలి బెండులో ఎక్కడ గుచ్చినా దిగుతాయి. ఒకే దంటులో ఒకటి మేకు, ఇంకొకటి మెత్తటి చెక్క. నేపియర్‌లోనూ అంతే. పీచు కట్టలు పై అంచున ఒత్తుగా, మధ్యకు పోయేకొద్దీ పలచగా ఉంటాయి.

16 మిల్లీమీటర్ల దంటులో పై 2 మిల్లీమీటర్లు పేడు అనుకుందాం. అడ్డుకోత వైశాల్యంలో దాని వాటా 44 శాతమే. వంగకుండా ఆపడంలో మాత్రం, ఒక్క ఆకారాన్ని బట్టే, దాని వాటా 68 శాతం. వ్యాసం నాలుగో ఘాతంతో పోయే లెక్క కాబట్టి అంచున ఉన్నదే లెక్కకు వస్తుంది. పైగా బెండు గట్టిదనం పేడులో పదో వంతు అనుకుంటే, బెండు మోసేది 5 శాతం లోపే. అలాగని బెండు దండగ కాదు. పచ్చిగా ఉన్నప్పుడు నీటితో బిగిసి పేడును లోపలి నుంచి నెట్టి పట్టుకుంటుంది, గుండ్రం చెదరనివ్వదు. గుండ్రం చెదిరి, చప్పిడిగా అయ్యి, అక్కడే మడత పడటం బోలు గొట్టాలు విరిగే తీరు. 1927లో బ్రేజియర్ అనే ఇంజనీరు దీని లెక్క కట్టాడు. మూసీ వెంట ఉప్పల్, పీర్జాదిగూడ వైపు పెంచే పారాగడ్డి దంటు బోలుగా ఉంటుంది, దాన్ని వేళ్ల మధ్య నొక్కి వంచితే ఈ చప్పిడి కావడం కళ్లారా కనిపిస్తుంది. అది ఎలాగూ పాకే గడ్డి, కణుపు కణుపుకూ వేరు వేస్తుంది, నిలబడాల్సిన పని దానికి లేదు.

ఇంకో బలహీనత కణుపుకు సరిగ్గా పైన ఉంటుంది. గడ్డి జాతి దంటు పెరిగేది అక్కడే. కణుపు పైన వేలెడు మేర కణజాలం లేతగా, ముదరకుండా ఉంటుంది. ఆ చోటును ఆకు తొడుగు చుట్టి కట్టు కట్టినట్టు పట్టుకుంటుంది. పరీక్షకు ముందు శుభ్రంగా ఉండాలని తొడుగు ఒలిచేస్తే లేత దంటు సగం బలం అక్కడే పారేసినట్టు అవుతుంది. చేనులో ఎంత తట్టుకుంటుందో తెలియాలంటే తొడుగుతో విరవాలి. దంటు పదార్థం ఎంత గట్టిదో తెలియాలంటే ఒలిచి విరవాలి. రెండూ వేర్వేరు ప్రశ్నలు, ఒకే పట్టికలో కలపకూడదు. ఈ కేసులో మొదలు వైపు ముదిరిన దంటునే, తొడుగు ఒలిచి తీసుకున్నాం.

మొదటి పరీక్ష ఎక్కడ తప్పింది

షాపులో చేతికందిన జిగ్‌లో (దంటును పెట్టి విరిచే చట్రంలో) రెండు ఆనికల మధ్య దూరం 130 మిల్లీమీటర్లు. పైనుంచి నొక్కింది సన్నటి ఇనుప రాడ్డు, అదీ రెండు కణుపుల నడిమి మీద. మూడు తప్పులు ఒకేసారి పడ్డాయి.

దూరం పొట్టిగా ఉంటే దంటు వంగే లోపే రాడ్డు కింద నలుగుతుంది. 16 మిల్లీమీటర్ల దంటు 20 కిలోలకే లొంగింది, లెక్క 16 మెగాపాస్కల్ చూపింది. అది వంగి విరిగిన అంకె కాదు, బెండు చితికిన అంకె. ఆ ముక్కలు ఇంకా పారేయలేదు కాబట్టి చూడటం కుదిరింది: రాడ్డు పడిన చోట పడవ ఆకారంలో సొట్ట ఉంది, కింది వైపు పీచు ఒక్కటీ తెగలేదు.

దీనికి తోడు జారుడు. పొడుగు పీచు ఉన్న దంటులో పొరలు ఒకదాని మీద ఒకటి జారడం తేలిక. నిలువు గట్టిదనం జారుడు గట్టిదనానికి 20 రెట్లు అనుకుంటే, దూరం వ్యాసానికి 8 రెట్లు ఉన్నప్పుడు జారుడు వల్ల వచ్చే అదనపు వంపు 26 శాతం. 20 రెట్లకు 4 శాతం, 31 రెట్లకు 2 శాతం లోపు. ప్లాస్టిక్ పరీక్షకు వాడే అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం డి790లో మామూలుగా 16 రెట్లు పెడతారు. గడ్డికి అది చాలదు. 25 రెట్లకు తగ్గకుండా పెట్టుకోవడం మేలు.

ఇక మూడోది, నడిమి మీద నొక్కడం. చేనులో దంటు మడత పడేది కణుపు పక్కన. కణుపు గట్టి ముడి, నొక్కినా నలగదు. బరువు కణుపు మీద వేస్తే దంటు దాని పక్కన, చేనులో విరిగిన తీరులోనే విరుగుతుంది.

జిగ్

కొత్త జిగ్‌కు కావలసినవన్నీ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక పూటలో దొరుకుతాయి, వెల్డింగ్ ఏ వీధిలోనైనా అవుతుంది. 40 మిల్లీమీటర్ల చదరపు పైపుతో చట్రం. ఆనికలకు రెండు 25 మిల్లీమీటర్ల జీఐ పైపు ముక్కలు, వాటి చుట్టూ సైకిల్ ట్యూబు రబ్బరు ఒక్క చుట్టు. రెండు చుట్లు వేస్తే రబ్బరు కుంగి, ఆ కుంగుడు కూడా దంటు వంపులో కలుస్తుంది. మధ్య దూరం 500 మిల్లీమీటర్లు. దంటును లాగడానికి ఇనుప కొక్కెం కాదు, 20 మిల్లీమీటర్ల వెడల్పు నైలాన్ పట్టీ. పట్టీ కింద 50 కిలోల వేలాడే డిజిటల్ కాంటా, దాని కింద ఎం12 (12 మిల్లీమీటర్ల మర) టర్న్‌బకిల్, అంటే తిప్పితే బిగిసే మరల కొక్కెం, అది చట్రానికి. ఎం12 మర పిచ్ 1.75 మిల్లీమీటర్లు. టర్న్‌బకిల్‌లో ఒక చివర కుడి మర, ఇంకో చివర ఎడమ మర ఉంటాయి కాబట్టి ఒక చుట్టుకు 3.5 మిల్లీమీటర్లు దిగుతుంది. నిమిషానికి మూడు చుట్లు చాలు. వేగం ఒకేలా ఉండాలి, గోడ గడియారం ఎదురుగా పెట్టుకుంటే కుదురుతుంది.

వంపు కొలవడానికి 25 మిల్లీమీటర్ల డయల్ గేజ్. దాని కాలు చట్రం మీద కాదు, రెండు ఆనికల మీద వేసిన విడి పట్టీ మీద నిలపాలి. చట్రం వంగితే ఆ వంపు దంటు ఖాతాలో పడకూడదు. దంటు విరిగే ముందే గేజ్ పక్కకు తీసేయాలి, లేకపోతే మొదటి రోజే సూది పోతుంది.

కాంటాతో ఒక చిక్కుంది. ఇలాంటి కాంటాలు చాలావరకు బరువు కాసేపు నిలకడగా ఉంటే ఆ అంకెను పట్టేసుకుంటాయి, విరిగే క్షణపు గరిష్ఠం చూపవు. ఫోన్ కెమెరాను కాంటా, డయల్ రెండూ కనిపించేలా పెట్టి వీడియో తీసి, నెమ్మదిగా వెనక్కి తిప్పి చదువుకోవాలి.

జిగ్ నిజం చెబుతోందా అన్నది గడ్డితో తేలదు. 10 మిల్లీమీటర్ల ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) రాడ్డు పెట్టి 1 కిలో నుంచి 5 కిలోల దాకా లాగితే డయల్ 1.04 మిల్లీమీటర్లు కదలాలి. 1.2 చూపితే ఆనిక జారుతోంది, లేదా రబ్బరు మందమైంది. ఈ కేసులో మొదట 1.3 వచ్చింది. ఒక ఆనిక వెల్డింగ్ పొడిపొడిగా ఉంది, మళ్లీ అతికిస్తే సరిపోయింది.

దంట్లు తీసే పద్ధతి

ఎన్ని దంట్లు కావాలి? గడ్డిలో దంటుకూ దంటుకూ చెదరు ఎక్కువ. అది 25 శాతం ఉంటే, సగటును 10 శాతం అటూఇటుగా నమ్మకంగా చెప్పాలంటే 24 దంట్లు కావాలి. విరిగిపోయేవి, పురుగు పట్టినవి పోగా మిగలాలి కాబట్టి మడికి 30. గట్టు వెంబడివి వద్దు. వాటికి వెలుతురు ఎక్కువ, లావుగా పొట్టిగా ఉంటాయి. ఒక దుబ్బు నుంచి ఒకటే, అదీ చేతికి మొదట తగిలిందే. మంచిది వెతికి తెస్తే పరీక్ష అవసరమే లేదు.

నేలకు ఆనించి కోసి, పొద్దున ఏడు గంటల లోపు తడి గోనెలో చుట్టి, పైన పాలిథీన్ సంచి కట్టాలి. హైదరాబాద్ మే ఎండలో ట్రాలీ మీద విప్పి తెచ్చిన దంటు మధ్యాహ్నానికి వాడిపోతుంది. వాడిన దంటు మొదట మెత్తబడుతుంది, ఎందుకంటే బెండులో నీటి బిగువు పోయింది. ఇంకా ఎండితే పేడు బిగుసుకుని గట్టిపడుతుంది, కానీ పెళుసవుతుంది. అందుకని ఒకే దంటు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, వారం తర్వాత మరొకటి చెబుతుంది. కోసిన రోజే విరవాలి. విరిచిన చోటు పక్కన 100 గ్రాములు ముక్కలు చేసి, 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు పెట్టి తూకం వేయాలి. 24 గ్రాములు మిగిలితే తేమ 76 శాతం. తేమ రాయని బలం అంకెకు విలువ లేదు.

వ్యాసం కొలవడంలో జరిగే నష్టం ఎవరూ పట్టించుకోరు. పచ్చి దంటును వెర్నియర్ దవడలతో గట్టిగా నొక్కితే 16 మిల్లీమీటర్లది 15 చూపుతుంది. ఆ ఒక్క మిల్లీమీటరు వల్ల బలం 21 శాతం, మాడ్యులస్ (వంగకుండా ఆపే పదార్థపు గట్టిదనం) 29 శాతం ఎక్కువ వస్తాయి. తొడుగు మీద నుంచి కొలిచి 17 రాసుకుంటే అవే 17, 22 శాతం తగ్గుతాయి. దవడ తాకీ తాకనట్టు ఉండగా చదవాలి. దంటు గుండ్రంగా కూడా ఉండదు. ఒక వైపు 16.5, ఇంకో వైపు 15 ఉన్న దంటును తిప్పి పెడితే గట్టిదనం 21 శాతం మారుతుంది. రెండు వైపులా కొలిచి, ఏ వైపు నిలువుగా పెట్టారో మార్కర్‌తో గీత గీసి రాసుకోవాలి.

రెండు దంట్ల లెక్క

మడి సగటుకు దగ్గరగా ఉన్న ఒక్కో దంటు తీసుకుని లెక్క మొత్తం చూపిస్తే మిగతావి ఎవరైనా వేసుకోవచ్చు.

ఎగువ మడి దంటు: వ్యాసం 16 మిల్లీమీటర్లు, ఎత్తు 2.4 మీటర్లు, ఆకులతో కలిపి మీటరుకు 250 గ్రాములు. విరిగింది 9.8 కిలోలకు, అంటే 96 న్యూటన్లకు. దాన్ని 500తో హెచ్చించి 4తో భాగిస్తే వంపు తాకిడి (బెండింగ్ మూమెంట్) 12.0 న్యూటన్ మీటర్లు. సెక్షన్ మాడ్యులస్, అంటే వ్యాసం మూడో ఘాతాన్ని 3.14తో హెచ్చించి 32తో భాగించినది, 402 ఘన మిల్లీమీటర్లు. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే 30 మెగాపాస్కల్. 1 కిలో నుంచి 5 కిలోల మధ్య వంపు 8.0 మిల్లీమీటర్లు, దాన్నుంచి మాడ్యులస్ దగ్గర దగ్గర 4.0 గిగాపాస్కల్.

దిగువ మడి దంటు: వ్యాసం 19, ఎత్తు 3.2 మీటర్లు, మీటరుకు 400 గ్రాములు. విరిగింది 11.0 కిలోలకు. వంపు తాకిడి 13.5 న్యూటన్ మీటర్లు, బలం 20 మెగాపాస్కల్. వంపు 6.5 మిల్లీమీటర్లు, మాడ్యులస్ 2.5 గిగాపాస్కల్.

ఇక్కడ ఆగి చూడాలి. పదార్థంగా దిగువ దంటు మెత్తన, బలం మూడింట రెండు వంతులే. కానీ దంటుగా అది మోసింది ఎగువదాని కంటే ఎక్కువ. లావు ఆ లోటు పూడ్చింది. "దంటు విరిగే బలం తక్కువ కాబట్టి పడింది" అనే మాట ఇక్కడితో నిలవదు.

మరి ఎందుకు ఒరిగింది? ఒక నిలువు కర్ర తన బరువుకే వంగిపోకుండా ఎంత ఎత్తు నిలబడగలదన్నది 1881లో గ్రీన్‌హిల్ అనే గణితవేత్త కట్టిన లెక్క. పొడుగునా ఒకే లావు ఉన్న కర్రకు: మాడ్యులస్‌ను ఆకార విలువతో హెచ్చించి (వ్యాసం నాలుగో ఘాతం ఇంటూ 3.14, బై 64), మళ్లీ 7.84తో హెచ్చించి, మీటరు బరువుతో భాగించి ఘనమూలం తీయాలి. ఎగువ దంటుకు 3.45 మీటర్లు వస్తుంది, అది ఉన్నది 2.4 దగ్గర. దిగువ దంటుకు వచ్చేది 3.17 మీటర్లు, అది ఉన్నది 3.2 దగ్గర.

అంటే గాలి రాకముందే దిగువ దంటు ఒంటరిగా నిలబడే స్థితిలో లేదు. దుబ్బులో ఒకదానికొకటి ఆనుకుని నిలబడింది. నిజం దంటు పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, బరువూ తగ్గుతుంది, కాబట్టి ఈ అంకె గీత గీసినట్టు పట్టుకోవాల్సింది కాదు. కానీ రెండు మడుల మధ్య తేడా చూపడానికి ఇది చాలు. వాన పడి ఆకులు తడిసి బరువు ఓ 30 శాతం పెరిగిందనుకుంటే ఎగువదాని హద్దు కూడా 3.16కు దిగుతుంది, అయినా 2.4కు చాలా దూరం. దిగువదానిది 2.9 దగ్గరికి వస్తుంది.

గాలి లెక్క కూడా ఒకసారి వేసి చూడొచ్చు. ఎగువ దంటు మీద గాలి పట్టే విస్తీర్ణం, నిరోధకంతో కలిపి, 0.05 చదరపు మీటర్లు, తాకే చోటు 1.5 మీటర్ల ఎత్తు అనుకుంటే, గంటకు 36 కిలోమీటర్ల గాలికి దంటు మొదలు దగ్గర 4 న్యూటన్ మీటర్ల వంపు తాకిడి పడుతుంది, 54 కిలోమీటర్లకు 9.3. అప్పటికే 20 డిగ్రీలు వాలి ఉంటే సొంత బరువు ఇంకో 2.4 కలుపుతుంది. మొత్తం 11.7. అది విరిగేది 12.0కు. అంటే ఎగువ మడి గట్టిదే కానీ, అజేయమేమీ కాదు. ఆ రోజు అది నిలిచిందంటే గుంపు ఆసరా కొంత, గాలికి ఆకులు ముడుచుకుని దారి ఇవ్వడం కొంత.

దిగువ మడి ఎందుకంత పెరిగిందో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. పాండ్ ఊట నీరు ఎప్పుడూ ఉంది, యూరియా రెండు మడులకూ ఎకరానికి ఒకే లెక్కన వేశారు, చల్కాలో కొంత కొట్టుకుపోయింది, రేగడిలో నిలిచింది. నత్రజని ఎక్కువైతే కణుపుల మధ్య దూరం సాగుతుంది, పేడు పలచబడుతుంది, ఆకు బరువెక్కుతుంది. రేగడి తడిస్తే వేరు పట్టు కూడా వదులుతుంది. వాలిన బరువు మొదలు దగ్గర పీకుతుంటే మెత్తటి నేల ముందు లొంగింది. అందుకే ఎక్కువ దుబ్బులు వేళ్లతో ఒరిగాయి, మిగిలినవే మడత పడ్డాయి.

చేసిన మార్పులు

రకం మార్చలేదు. దిగువ మడిని రోజుల లెక్కన కాక ఎత్తు లెక్కన కోయడం పెట్టారు. హద్దు ఎత్తులో 70 శాతానికి మించనివ్వకూడదన్నది ఈ చేనుకు పెట్టుకున్న గీత. ఎగువ మడి నిలిచింది ఆ నిష్పత్తి దగ్గరే కాబట్టి దిగువకూ అదే పెట్టుకున్నారు, అంటే 2.2 మీటర్లు. గట్టు మీద ఆ ఎత్తుకు రంగు వేసిన వెదురు గడ పాతారు. ఏప్రిల్, మే గాలివానలకు ముందు ఒక కోత తప్పనిసరి. బాయిలర్‌కు ముదురు గడ్డి కావాలి, తేమ తక్కువ కావాలి, కాబట్టి ముందే కోస్తే కొంత ఎండు బరువు పోతుంది. అది నష్టమే. నేల మీద పడి బురద పట్టిన గడ్డి కంటే చిన్న నష్టం.

యూరియా దిగువన తగ్గించి, ఒకేసారి కాక కోత కోతకూ విడదీశారు. కోత అయ్యాక మొదళ్లకు మట్టి ఎగదోశారు. పాండ్ వైపు కాలువ తీసి ఊట మళ్లించారు. పొటాష్ పెంచితే దంటు గట్టిపడుతుందనే సలహా కూడా వచ్చింది. లోపం ఉన్న నేలలో అది నిజం. కానీ కాల్చే గడ్డిలో పొటాష్ ఎక్కువైతే బూడిద తక్కువ వేడికే కరిగి బాయిలర్ గొట్టాలకు గడ్డకడుతుంది. మట్టి పరీక్షలో లోపం తేలితేనే వేయాలి, మ్యూరేట్ (పొటాషియం క్లోరైడ్) రూపంలో అయితే క్లోరిన్ కూడా వస్తుందని గుర్తుంచుకోవాలి.

చాఫ్ కట్టర్ సంగతి

షాఫ్ట్‌కు పీచు చుట్టుకోవడాన్ని కూడా దంటు బలహీనత ఖాతాలో వేశారు. అది తలకిందుల తర్కం. మెత్తటి దంటు తేలిగ్గా తెగాలి కదా.

పడిన గడ్డి పడినట్టు ఉండదు. రెండు మూడు రోజుల్లో కణుపుల దగ్గర తొడుగు మొదళ్లు కింది వైపు సాగి, దంటును మళ్లీ పైకి లేపుతాయి. పదిహేను రోజులకు ప్రతి దంటుకూ మోచేయి లాంటి వంపు తయారవుతుంది. ఆ వంపు ఫీడ్ రోలర్ల మధ్య అడ్డం తిరుగుతుంది. కత్తికి దంటు అడ్డంగా కాక పొడుగునా తగులుతుంది, పీచు తెగక చీలుతుంది. పైగా నేల తాకిన దంట్లకు అంటిన ఇసుక మట్టి ఒక్క పూటలో కత్తి అంచును మొద్దుచేస్తుంది. మొద్దు కత్తి ముందు నలుపుతుంది, తర్వాత లాగుతుంది, చివరికి కోస్తుంది. తెగిన ముక్కల చివర పొడుగాటి పీచు తోకలు కనిపిస్తే కారణం ఇదే.

దంటు కోతకు ఎంత బలం కావాలో ఒక అంకె చేతిలో ఉంటే మంచిది. రెండు పలకల రంధ్రాల మధ్య మూడో పలకను లాగి, దంటును రెండు చోట్ల ఒకేసారి తెంపితే 16 మిల్లీమీటర్ల దంటుకు 6 మెగాపాస్కల్ లెక్కన 246 కిలోలు కావాలి. వేలాడే కాంటా అందుకోదు. 1:8 లీవర్ పెడితే 31 కిలోలకు దిగుతుంది. కణుపు మీద ఇంకా ఎక్కువ కావాలి, అక్కడ పీచులు అడ్డదిడ్డంగా పెనవేసుకుని ఉంటాయి.

ఈ మిషన్‌లో కత్తికీ, కింద స్థిరంగా ఉండే పలకకీ మధ్య సందు ఫీలర్ గేజ్‌తో చూస్తే ఒక చివర 0.4, రెండో చివర 1.1 మిల్లీమీటర్లు. వెడల్పున్న చివరలో పీచు తెగకుండా మడిచి సందులోకి జారుతోంది. షిమ్ (పలచటి రేకు) వేసి పొడుగునా 0.4కు తెచ్చారు, అంచు 30 డిగ్రీలకు సాన పట్టారు. సందు సరిపోయిందా అని చూడటానికి కరెంటు తీసేసి, ఫ్లైవీల్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ వార్తాపత్రిక ముక్క పెట్టి చూడాలి. ఈ చివర నుంచి ఆ చివర దాకా శుభ్రంగా తెగాలి, ఎక్కడా చిరగకూడదు. వేళ్లు రోలర్లకు ఇవతలే ఉండాలి.

మోచేతులు తిరిగిన గడ్డిని వంపు దగ్గర కొడవలితో రెండు ముక్కలు చేసి, మొదలు ముందుకు పెట్టి తోశారు. మట్టి పట్టిన అడుగు జానెడు చేనులోనే కోసి వదిలేశారు. మిగిలిన పడిన గడ్డి రెండు రోజుల్లో అయిపోయింది, షాఫ్ట్ విప్పాల్సి వచ్చింది ఒక్కసారే, అదీ గడ్డిలో కలిసి వచ్చిన డ్రిప్ పైపు ముక్క వల్ల.